రే లేక్స్ చుట్టూ, పంపు స్టవ్వుల రోజుల్లో

గరాజ్‌లో అడుగు అర సర్దుతుంటే పాత వైట్ గ్యాస్ (స్టవ్వుల్లో పోసే, పెట్రోలు లాంటి ద్రవ ఇంధనం) డబ్బా బయటపడింది. మూత కాస్త వదులు చెయ్యగానే ఆ ఘాటు వాసన. దాని వెనకే గ్లెన్ పాస్ అనే కనుమ కింద, చీకట్లో, గొంతుక్కూర్చుని పంపు కొట్టిన తెల్లవారుజాములు. ఇప్పుడు వైట్ గ్యాస్ మోసేవాళ్ళు దాదాపు లేరు. అరచేతిలో పట్టే గ్యాస్ డబ్బా మీద బర్నరు బిగించి అగ్గిపుల్ల చూపిస్తే సరిపోతోంది. ఆ రోజుల్లో ఏ పని ఎందుకు ఎలా చేసేవాళ్ళమో ఒకచోట రాసిపెట్టాలని ఎప్పట్నుంచో ఉంది.

రే లేక్స్ లూప్ కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండల్లో, కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్కులో ఉంది. ఫ్రెస్నో నుంచి తూర్పుగా కొండల్లోకి వెళ్ళే 180వ నంబరు రోడ్డు ఒకచోట ఆగిపోతుంది. ఆ చోటి పేరే రోడ్స్ ఎండ్, ఎత్తు 5,035 అడుగులు. అక్కడ బయల్దేరి, రెండు నదుల లోయల మీదుగా 41 మైళ్ళు చుట్టి మళ్ళీ అక్కడికే వస్తాం. మధ్యలో దాటాల్సిన గ్లెన్ పాస్ ఎత్తు 12 వేల అడుగులకి కాస్త తక్కువ. నడుమ ఊరు లేదు, రోడ్డు లేదు, కొట్టు లేదు. బే ఏరియాలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తెలుగువాళ్ళం, సన్నీవేల్, ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం, వేసవి వస్తే ఈ లూప్ పేరే తల్చుకునేవాళ్ళం.

ప్రయాణం మొత్తాన్ని నాలుగో రోజు పొద్దున్నే లెక్కలోకి తీసుకుని అల్లేవాళ్ళం. ఆ పొద్దున గ్లెన్ పాస్ ఎక్కాలి. ఎండెక్కకముందే, మబ్బు పట్టకముందే, అందరికీ ఒంట్లో శక్తి ఉన్నప్పుడే ఎక్కాలి. ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో, ఏ పూట ఏం తినాలో, సంచిలో ఎంత బరువు ఉండాలో అన్నీ అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చేవాళ్ళం.

మార్చి ఫ్యాక్సులు

రద్దీ కాలంలో ఒక్కో ట్రెయిల్ నుంచి రోజుకి 25 మందినే లోపలికి పంపుతారు. పర్మిట్ అర్జీలు మార్చి 1 నుంచి తీసుకునేవాళ్ళు. ఆఫీసు ఫ్యాక్స్ మిషన్ దగ్గర కాగితం పట్టుకుని నిలబడడం ఆ రోజుల్లో అందరికీ అలవాటే. అర్జీలో వరుసగా మూడు తేదీలు రాసేవాళ్ళం. అనుభవం ఉన్నవాళ్ళు శనివారం జోలికి పోకుండా మంగళ, బుధవారాలు రాసేవాళ్ళు. ఏ దారిన లోపలికి వెళ్తారో కూడా రాయాలి: వుడ్స్ క్రీక్ వైపా, బబ్స్ క్రీక్ వైపా. గడియారం తిరిగే వైపు నడిచేవాళ్ళు వుడ్స్ క్రీక్ అని రాస్తారు.

మేం ఎప్పుడూ ఆ వైపే. అటు ఎక్కుడు నిదానంగా ఉంటుంది. మొదటి రాత్రి పారడైజ్ వ్యాలీలో సుమారు 6,700 అడుగుల దగ్గర, రెండో రాత్రి వుడ్స్ క్రీక్ వంతెన దగ్గర 8,500, మూడో రాత్రి రే లేక్స్ ఒడ్డున పదిన్నర వేలు. సముద్రమట్టంలో కూర్చుని పనిచేసే ఒళ్ళు ఎత్తుకి అలవాటుపడడానికి ఇంతకన్నా మంచి మెట్లు దొరకవు. రెండో వైపు నుంచి వెళ్తే మొదటి రోజే, సంచి నిండా బరువుతో, నీడలేని కొండ మీద మెలికల దారి ఎక్కాలి. అలా వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి తలనొప్పితో అన్నం ముట్టకపోవడం మామూలే.

ఇప్పుడు పర్మిట్లన్నీ రిక్రియేషన్ డాట్ గవ్‌లోనే. ఆరు నెలల ముందే తేదీలు తెరుచుకుంటాయి, మంచి తేదీలు చూస్తుండగానే అయిపోతాయి.

కందిపప్పు ఉడకని చోటు

పదిన్నర వేల అడుగుల ఎత్తున నీళ్ళు 89 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నెలో బుడగలు తెర్లుతుంటాయి, కందిపప్పు మాత్రం గంట గడిచినా గింజగానే ఉంటుంది. మామూలు బియ్యం పైన మెత్తబడి లోపల పలుకుగా మిగులుతుంది. ప్రెషర్ కుక్కర్ మోద్దామని ప్రతి గుంపులోనూ ఒకరు అంటారు. చిన్న కుక్కరైనా కిలోన్నర దాకా తూగుతుంది, అంటే ఒక మనిషికి రెండు రోజుల తిండి. ఇంట్లో ఉడికించి ఎండబెట్టి తీసుకెళ్ళడం ఒక్కటే దారి.

ఎండబెట్టడం మనకి కొత్త విద్యేమీ కాదు. వేసవి వస్తే డాబా మీద వడియాలు, ఊరమిరపకాయలు, మామిడి ఒరుగులు చూసి పెరిగినవాళ్ళమే. ఫోన్లో అమ్మలు చెప్పిన సూత్రం అపార్ట్‌మెంట్ ఓవెన్‌కి కూడా సరిగ్గా సరిపోయింది: పల్చగా పరచాలి, గాలి ఆడాలి, తొందరపడి మంట పెంచకూడదు. కందిపప్పు కుక్కర్లో మెత్తగా ఉడికించి, టమాటా, పసుపు, ఉప్పు వేసి దగ్గరపడేదాకా ఉంచి, ట్రేలో కాగితం మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పూసేవాళ్ళం. ఓవెన్ అతి తక్కువ వేడిలో పెట్టి, తలుపు సందులో గరిటె ఇరికించి, రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పెంకులా లేస్తుంది. మిక్సీలో పొడి కొట్టి జిప్ సంచిలో వెయ్యడమే. పోపు నూనె మాత్రం పప్పులో కలపకూడదు. నూనె ఆరదు, నాలుగు రోజుల్లో కంపు కొడుతుంది. కొండ మీద ఒక వంతు పప్పు పొడికి మూడు వంతులు మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, జాకెట్ కప్పి పావుగంట ఉంచాలి. తొందరపడి పది నిమిషాల్లో తీస్తే పళ్ళకింద ఇసకలా తగులుతుంది.

అన్నానికి బదులు ఇన్‌స్టంట్ రైస్. రుచి అంతంతమాత్రమే అయినా కందిపొడి, నెయ్యి వేసుకుంటే దిగిపోతుంది. పొద్దున పూటకి ఉప్మా. ఒక్కో మనిషికి 80 గ్రాముల రవ్వ, సన్నసెగ మీద వాసన వచ్చేదాకా వేయించి, జీడిపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరకరలాడేదాకా వేగిన కరివేపాకు, అర చెంచా ఉప్పు, చిటికెడు నిమ్మఉప్పు కలిపి ఒక సంచి. పైన పావులీటరు నీళ్ళు బాగా తెర్లనిచ్చి, నీళ్ళలోకి రవ్వ పోస్తూ కలపాలి. రవ్వ మీద నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది, చేతి తొడుగులతో వాటిని చిదమలేం.

మధ్యాహ్నం స్టవ్వు వెలిగించం. అటుకులు చన్నీళ్ళతో తడిపి పులిహోర పేస్టు కలుపుకోవడమే. చింతపండు గుజ్జు నీళ్ళన్నీ ఇగిరి నూనె తేలేదాకా ఉడికించి తీసుకెళ్తే మనిషికి పూటకి 30 గ్రాములు చాలు. అల్యూమినియం గిన్నెలో దాన్ని కలపకూడదు. పులుపు గిన్నెని తింటుంది, తిండికి లోహం రుచి వస్తుంది. స్టీలు గిన్నె నాలుగు ఔన్సులు ఎక్కువ తూగినా అదే మోసేవాళ్ళం.

రోజుకి మనిషికి 700 గ్రాములు, ఐదు రోజులకి మూడున్నర కిలోలు. ఆ బరువులో నెయ్యిది పెద్ద చెయ్యి, గ్రాముకి దాదాపు తొమ్మిది క్యాలరీలు ఇస్తుంది. వెడల్పు మూతి సీసాలోనే పొయ్యాలి. రే లేక్స్ దగ్గర రాత్రి చలికి నెయ్యి గట్టిపడుతుంది, సన్నమూతి సీసాలోంచి చుక్క రాదు. ఆవకాయకి రెండు సంచులు. సముద్రమట్టంలో మూసిన సంచిలో గాలి ఉంటే పైకి వెళ్ళేకొద్దీ ఉబ్బి, మూతి దగ్గర నూనె కక్కుతుంది. గాలంతా పిండి మూయాలి. నడుస్తూ తినడానికి పల్లీ చిక్కీని మించింది మాకు దొరకలేదు. చాక్లెట్ మొదటి రోజు ఎండకే కరిగిపోతుంది, సున్నుండలు పొడిపొడి అయిపోతాయి.

నల్ల డబ్బా

ఈ లూప్‌లో తిండి బేర్ క్యానిస్టర్లోనే, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలోనే, పెట్టాలన్నది నియమం. అంతకుముందు కాలం వాళ్ళు రెండు సంచులు సమాన బరువుతో తాడుకి కట్టి కొమ్మకి వేలాడదీసేవాళ్ళట. సియెర్రా ఎలుగుబంట్లు ఆ విద్యని ఎప్పుడో నేర్చేసుకున్నాయి. తాడు కొరుకుతాయి, పిల్లని కొమ్మ మీదకి పంపుతాయి. తర్వాత పార్కువాళ్ళు కొన్ని క్యాంపుల్లో ఇనప పెట్టెలు పెట్టారు. వాటి తలుపు మూసినప్పుడల్లా లోయంతా వినబడేంత చప్పుడు. రాత్రిళ్ళు ఇంకో చప్పుడు కూడా ఉండేది. పారడైజ్ వ్యాలీలో ఎగువ క్యాంపులో ఎవరో గిన్నె వాయిస్తారు. కాసేపటికి మధ్య క్యాంపులో మొదలవుతుంది. దాన్నిబట్టి ఎలుగు ఎటు దిగుతోందో పడుకునే తెలిసేది.

గార్సియా అనే నల్ల డబ్బాలు రేంజర్ స్టేషన్లో అద్దెకిచ్చేవాళ్ళు. బరువు 1.2 కిలోలు, లోపల దాదాపు పది లీటర్ల చోటు. మూత మీద రెండు మరలు, వాటి గాడిలో 25 సెంట్ల నాణెం పెట్టి తిప్పితే తెరుచుకుంటాయి. పొద్దున్నే వేళ్ళు కొయ్యబారి ఉంటే నాణెం జారి గులకరాళ్ళలో పడిపోతుంది. అందుకని నాణేన్ని దారంతో సంచికి కట్టుకునేవాళ్ళం. నాణేనికి దారం నిలవడానికి ముందు ఒక చుట్టు టేపు వెయ్యాలి.

ఐదు రోజుల తిండి ఒక డబ్బాలో పట్టడం సర్దే పద్ధతి మీద ఆధారపడుతుంది. చివరి రోజుది అడుక్కి, మొదటి రాత్రిది పైకి. గట్టి పొట్లాలు పెట్టిన సందుల్లో అటుకులు, పొడులు కూరాలి. పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే మైనం, చెత్త కూడా అందులోకే వెళ్ళాలని చాలామంది మరిచిపోతారు. మొదటి రోజు మధ్యాహ్నపు తిండి బయట ఉంచుకోవచ్చు, సాయంత్రానికి అది ఉండదు కాబట్టి. రాత్రి డబ్బాని టెంటుకి వంద అడుగుల దూరాన, చదునైన చోట పెట్టాలి. వాలు మీద పెడితే ఎలుగు దొర్లించుకుంటూ వెళ్ళి నదిలో వదిలేస్తుంది. సంచిలో అది వీపుకి ఆనుకుని, నడుముకి పైన నిలువుగా ఉండాలి. పక్కకి జరిగితే సాయంత్రానికి ఒక భుజమే నొప్పెడుతుంది.

స్టవ్వు

వైట్ గ్యాస్ స్టవ్వుల్లో ఎక్కువగా కనబడేది ఎమ్‌ఎస్‌ఆర్ వాళ్ళ విస్పర్‌లైట్. 1984లో వచ్చిన నమూనా, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇళ్ళలో కిరసనాయిలు పంపు స్టవ్వు చూసి పెరిగినవాళ్ళకి దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. అదే సూత్రం: పంపు కొట్టి ఒత్తిడి పుట్టించు, ముందు గొట్టం వేడెక్కించు, ద్రవం ఆవిరై బయటికొచ్చాక మండించు. కిరసనాయిలు స్టవ్వుకి పిన్ను పెట్టిన చేతులు వైట్ గ్యాస్ స్టవ్వు చూసి భయపడవు.

ఇంధనం పోసే ఎర్ర సీసా నింపేటప్పుడు గీత దాటకూడదు. పైన గాలికి చోటు లేకపోతే ఎంత కొట్టినా ఒత్తిడి నిలవదు. పదిహేను ఇరవై సార్లు పంపు కొట్టి, వాల్వు అర క్షణం తిప్పి, చెంచాడు ఇంధనం కింది గిన్నెలోకి జారనిచ్చి మూసెయ్యాలి. అగ్గిపుల్ల చూపిస్తే పసుపు మంట లేచి ఎగసెగసి పడుతుంది. ఇక్కడే కొత్తవాళ్ళు కంగారుపడి వాల్వు తెరుస్తారు, మంట మూరెడు పైకి లేస్తుంది. ఆగాలి. పసుపు మంట కుంచించుకుపోయి, ఆరబోతున్నదనగా వాల్వు కొద్దికొద్దిగా తిప్పితే బుసబుసమంటూ నీలి మంట పడుతుంది. పసుపుగానే మండుతూ చిటపటలాడితే గొట్టం ఇంకా వేడెక్కలేదని గుర్తు. ఆర్పేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇదంతా టెంటులో చెయ్యకూడదు, ఎంత గాలి వీచినా సరే.

ఏ పంపు స్టవ్వుకైనా ప్రాణం వాషరులో ఉంటుంది. పంపు కడ్డీ చివర గిన్నె ఆకారంలో ఉండే తోలు ముక్క అది. ఎండిపోయిందంటే కడ్డీ లోపలికీ బయటికీ ఊరికే ఆడుతుంది, చేతికి ఎదురు తగలదు. కడ్డీ బయటికి లాగి, తోలు మీద ఒక చుక్క నూనె వేసి, వేలితో అంచులు వెడల్పుగా సాగదీసి మళ్ళీ జాగ్రత్తగా దూర్చాలి. అంచు మడతపడితే మళ్ళీ అదే కథ. నూనె లేకపోతే పెదాలకి రాసుకునే మైనమైనా పనికొస్తుంది. చాలా క్యాంపుల్లో పక్క గుంపు స్టవ్వు వెలక్క దిగాలుగా కూర్చుంటే, మనవాళ్ళెవరో వెళ్ళి పోపు నూనె చుక్కతో బాగుచేసి వచ్చేవాళ్ళు.

ఇద్దరికి నాలుగు రాత్రులకి 22 ఔన్సుల సీసా ఒకటి చాలు, నీళ్ళు మరిగించడం తప్ప వేరే వంట పెట్టుకోకపోతే. గాలికి అడ్డంగా రేకు పెట్టకపోతే రెండో సీసా కావాలి. చలిమంటల మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. పది వేల అడుగుల పైన కట్టెల మంట నిషిద్ధం, అక్కడ ఒక చెట్టు చేతిమందం పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

పారడైజ్ వ్యాలీ

రోడ్స్ ఎండ్ నుంచి మొదటి రెండు మైళ్ళు చదును, ఇసక, ఎండ. బెయిలీ బ్రిడ్జ్ దగ్గర దారి చీలుతుంది. ఎడమ వైపు పోతే నాలుగో మైలు దగ్గర మిస్ట్ ఫాల్స్ జలపాతం. అక్కణ్ణుంచి ఇంకో రెండు మైళ్ళు రాతి మీద ఎక్కాక లోయ ఒక్కసారిగా వెడల్పవుతుంది, నది చప్పుడు తగ్గుతుంది. లోయర్ పారడైజ్ చేరేదాకా టెంటు వెయ్యనివ్వరు, తర్వాత కూడా గుర్తుపెట్టిన చోట్లే వెయ్యాలి.

నీళ్ళకి ప్యూర్ హైకర్ ఫిల్టరు వాడేవాళ్ళం. లీటరుకి సుమారు 48 సార్లు పంపు కొట్టాలి. సాయంత్రం నలుగురి సీసాలూ నింపేసరికి ఒకరి చెయ్యి పడిపోయేది, అందుకని వంతులు. పీల్చే గొట్టం నది అడుక్కి తగిలితే ఇసక ఎక్కి ఫిల్టరు బిగుసుకుపోతుంది. పాయ పక్కన నీళ్ళు నిలిచిన చోట, చివర చిన్న బంతి కట్టి, జానెడు లోతులో తేలనివ్వాలి. రాత్రి గడ్డకట్టే చలి ఉంటే ఫిల్టరుని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి. లోపల మిగిలిన నీళ్ళు మంచైతే సన్న రంధ్రాలు చీలిపోతాయి, పైకి ఏమీ తెలియదు, నీళ్ళు ఎప్పటిలాగే వస్తాయి, జబ్బు వారం తర్వాత బయటపడుతుంది. ఫిల్టరు పాడైతే అయొడిన్ బిళ్ళలు: లీటరుకి రెండు, అరగంట. మంచునీళ్ళయితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

బహిర్భూమి విషయం మొహమాటం లేకుండా రాయాలి. నీటికీ దారికీ క్యాంపుకీ కనీసం వంద అడుగుల దూరం, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంత. వాడిన కాగితం పూడ్చకూడదు, సంచిలో వెనక్కి తేవాలి. నీళ్ళ సీసా పట్టుకెళ్ళే మనవాళ్ళకి ఆ బాధ లేదు. సీసా మాత్రం విడిగా, గుర్తుగా టేపు చుట్టి ఉండాలి.

ఎగువ పారడైజ్‌లో సౌత్ ఫోర్క్ కింగ్స్ నది మీద వంతెన ఉండేది. లూప్ చెయ్యగలిగామంటే ఆ వంతెన వల్లే. 2017 నాటి వరదకి కొట్టుకుపోయింది. ఆ తర్వాత అక్కడ నదిలో దిగి దాటాల్సిందే. జూన్‌లో, జులై మొదట్లో మంచు కరిగే రోజుల్లో అక్కడికి వెళ్ళడం ప్రాణాలతో ఆట. ఆగస్టు నెలాఖరు నుంచి నీరు తగ్గుతుంది. పగటి ఎండకి కరిగిన నీళ్ళు పైనుంచి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం, రాత్రి ప్రవాహం ఎక్కువ, తెల్లవారాక తక్కువ. ముందురోజు ఇవతలే పడుకుని పొద్దున దాటాలి. నడుము బెల్టు విప్పుకోవాలి, పడిపోతే సంచి వదిలెయ్యడానికి. చెప్పులో పాత బూట్లో లేకుండా దిగకూడదు. ఎగువకి మొహం పెట్టి, కర్ర ముందు నాటి, ఒక్కో అడుగూ పక్కకి వెయ్యాలి. నీరు తొడల దాకా వస్తోందంటే వెనక్కి రావడమే. అవతల వుడ్స్ క్రీక్ ఎంత బాగున్నా సరే.

వుడ్స్ క్రీక్ దగ్గర అప్పట్లో ఊగే వంతెన ఉండేది. ఒక్కసారికి ఒక్కరే నడవాలని బోర్డు. మధ్యకి వచ్చేసరికి పలకలు మన అడుగుకి ఎదురు లేచేవి, కాలు ఎత్తినప్పుడల్లా ఇంకో లయ. అక్కడే ఈ దారి జాన్ మ్యూర్ ట్రెయిల్‌తో కలుస్తుంది. యోసెమిటీ నుంచి విట్నీ కొండ దాకా 211 మైళ్ళు నడిచేవాళ్ళు గడ్డాలు పెరిగి, మాట తగ్గి, ఎదురయ్యేవాళ్ళు. వాళ్ళకి మన జీడిపప్పు ఉప్మా పెడితే తిన్న తీరు ఇప్పటికీ కళ్ళముందుంది.

కప్పలు

రే లేక్స్‌కి ఆ పేరు సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంఘం ప్రముఖుడు విలియం కోల్బీ భార్య రేచెల్ వల్ల వచ్చింది. ఆవిడని రే అని పిలిచేవాళ్ళు. వరుసగా సరస్సులు, పడమట ఒంటిగా నిలబడిన ఫిన్ డోమ్ కొండ, దక్షిణాన రంగు చారల పెయింటెడ్ లేడీ శిఖరం. ఫిల్ము రోజుల్లో ఒక్కో రోల్‌కి 36 ఫొటోలు, సగం ఇక్కడికే దాచుకునేవాళ్ళం. తెల్లవారి గాలి లేవకముందు ఫిన్ డోమ్ నీళ్ళలో తలకిందులుగా చీలకుండా కనబడుతుంది. ఎనిమిదయ్యేసరికి అలలు మొదలవుతాయి.

ఎగువ సరస్సుల మధ్య నుంచి పడమటికి సిక్స్‌టీ లేక్ బేసిన్‌కి చిన్న దారి ఉంది. పొద్దుండగా చేరితే సంచులు దింపి అక్కడికి వెళ్ళేవాళ్ళం. చేపలు లేని మడుగుల ఒడ్డున, ఎండ తగిలే రాళ్ళ మీద, పసుపు కాళ్ళ కప్పలు పదులకొద్దీ కూర్చునేవి. అడుగు పడగానే టపటపా నీళ్ళలోకి. వాటికి గొంతు సంచి లేదు, అరిస్తే నీళ్ళలోపలే అరుస్తాయి, అందుకే అన్ని కప్పలున్నా ఆ లోయ నిశ్శబ్దంగా ఉండేది. తోకకప్పలు పెద్దవి కావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, అంటే చలికాలాలు మంచు కింద గడపాలి, అంటే లోతైన నీళ్ళు కావాలి. ఆ లోతైన సరస్సుల్లోనే, జాలరి సరదా కోసం, గత శతాబ్దంలో ట్రౌట్ చేపల్ని వదిలారు. అవి తోకకప్పల్ని తినేశాయి. పార్కువాళ్ళు 2001 నుంచి కొన్ని సరస్సుల్లో వలలు వేసి ట్రౌట్‌ని తీసేశారు, కప్పలు మళ్ళీ పెరిగాయి. ఇంతలో కైట్రిడ్ అనే బూజు వచ్చిపడింది. అది చర్మాన్ని మందం చేసేస్తుంది. చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్ళాల్సిన లవణాలు వెళ్ళక గుండె ఆగిపోతుంది. కొద్ది ఏళ్ళలో ఒడ్డులు ఖాళీ అయ్యాయి. 2014లో ఆ కప్పల్ని అంతరించిపోతున్న జాబితాలో చేర్చారు. బూజుని తట్టుకుని బతికిన కప్పల్ని తెచ్చి వేరే సరస్సుల్లో వదులుతున్నారు, కొన్నిచోట్ల నిలదొక్కుకుంటున్నాయి కూడా. ఆ పని చేస్తున్నవాళ్ళంటే నాకు చాలా గౌరవం. మడుగుల్లో కాళ్ళు పెట్టేముందు ఒంటి మీద పూసుకున్న దోమల మందు, సన్‌స్క్రీన్ దూరంగా కడిగెయ్యమని కొత్తవాళ్ళకి గట్టిగా చెప్తాను.

గ్లెన్ పాస్

నాలుగో రోజు నాలుగున్నరకి స్టవ్వు. ఉప్మా, టీ, ఐదున్నరకి నడక. రెండు మైళ్ళలో దాదాపు 1,400 అడుగులు ఎక్కాలి, మామూలుగా రెండు గంటలు. ఉత్తరం వైపు ముఖం కాబట్టి మంచు అక్కడ ఆలస్యంగా కరుగుతుంది. ఎక్కువ మంచు పడిన ఏళ్ళలో జులై మధ్య దాకా దారి కనబడదు. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉండి బూటు అంచు పట్టుకుంటుంది. పది దాటితే మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. ముఖ్యంగా పెద్ద బండల పక్కన నడవకూడదు. ఎండకి బండ వేడెక్కి చుట్టూ మంచుని లోపల్నించి కరిగిస్తుంది, పైకి మాత్రం చదునుగా కనబడుతుంది. అక్కడ దిగబడితే కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది.

గుంపులో అందరికన్నా నిదానంగా నడిచేవాళ్ళని ముందు పెట్టడం మా అలవాటు. వేగంగా నడిచేవాళ్ళు ముందుంటే వెనకవాళ్ళు వచ్చేసరికి వాళ్ళు సేదదీరి మళ్ళీ బయల్దేరతారు, అలసినవాళ్ళకి మాత్రం విశ్రాంతి ఉండదు. రాత్రి తలనొప్పి ఉండి పొద్దున ఉప్మా సహించనివాళ్ళుంటే ఆ రోజు ఎక్కకూడదు. వాంతులు, తూలుడు కనిపిస్తే వచ్చిన దారినే కిందకి దింపాలి. సంచిలో ఒక రోజు తిండి అదనంగా ఉండాలనేది ఇందుకే.

పైన మనుషులు వరుసగా కూర్చునేంత వెడల్పే ఉంటుంది. ఉడతలకన్నా ముందు మార్మోట్లు, ఉడత జాతి పెద్ద జంతువులు, వస్తాయి. తిండికన్నా వాటికి ఉప్పు మీద యావ, చెమట ఇంకిన సంచి పట్టీలు, కర్ర పిడులు కొరికేస్తాయి. సంచి వదిలి ఫొటోకి వెళ్ళకూడదు. తొమ్మిదికల్లా దిగడం మొదలుపెడితే, మధ్యాహ్నం ఒంటిగంటకి మబ్బులు ఉరిమేసరికి చెట్లలో ఉంటాం. దక్షిణం వైపు దారి రాళ్ళపొడి, కర్రలు లేకపోతే మోకాళ్ళు వదులైపోతాయి. షార్లెట్ లేక్ మలుపు దాటి, విడెట్ మెడో దాకా రెండు వేల అడుగులకి పైగా దిగుడే. జులైలో విడెట్ దగ్గర దోమలు దట్టంగా ఉంటాయి. డీట్ మందు పూసుకుని కళ్ళద్దాలు, గడియారం ముట్టుకుంటే ప్లాస్టిక్ జిగురుగా కరుగుతుంది.

పొక్కులు ఈ దిగుడులోనే లేస్తాయి. మడమ వేడెక్కినట్టు అనిపించిన క్షణాన ఆగి, సాక్సు తీసి, చర్మం ఆరబెట్టి టేపు వెయ్యాలి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవవు. క్యాంపుకి వెళ్ళాక చూద్దామనుకుంటే అప్పటికి తోలు లేచిపోతుంది.

ఐదో రోజు బబ్స్ క్రీక్ వెంట. జంక్షన్ మెడో దాటాక ఫెర్న్ పొదలు భుజాల దాకా, తర్వాత స్ఫింక్స్ క్రీక్, ఆ తర్వాత ఎండలో మెలికలు తిరుగుతూ దిగే రాతి దారి. ఇక్కడ తాచుల జాతి కాదుగానీ విషం గట్టిదే, రాటిల్‌స్నేక్ ఉంటుంది. దారి పక్క రాళ్ళ మీద చూడకుండా చెయ్యి ఆనించకూడదు. స్ఫింక్స్ దగ్గరే అందరూ రెండేసి లీటర్లు నింపుకోవాలి.

తిరిగొచ్చాక

ఆదివారం రాత్రి ఎంత ఆలస్యంగా ఇల్లు చేరినా టెంటు విప్పి బాల్కనీలో ఆరేసేవాళ్ళం. తడి టెంటు సంచిలో రెండు రోజులుంటే బూజు వాసన పట్టి, లోపలి పూత జిగురవుతుంది. డౌన్ (పక్షి ఈకలు నింపిన) స్లీపింగ్ బ్యాగు నొక్కి పెట్టకుండా అల్మారాలో వేలాడదియ్యాలి. డబ్బాలో మిగిలిన తిండి ఒక్కొక్కటీ తూచేవాళ్ళం. మిగిలిందంటే అది పైన ఎవరికీ సహించలేదని.

ఆ లెక్కలన్నీ ఒకే పొడుగు కాగితం మీద ఉండేవి, ఏటా కొట్టివేతలతో. ఓట్స్ కొట్టేశారు. ఎండు ద్రాక్ష సగం చేశారు. పెసరపప్పు పొడి కందిపప్పుకన్నా త్వరగా నానుతుందని పక్కన రాసుంది. నిమ్మఉప్పు, మజ్జిగ మిరపకాయలు, అల్లం మురబ్బా చేరాయి. నాలుగో రోజు పొద్దున లెక్కలో ఉప్మా రవ్వ 80 కొట్టేసి 100 చేశారు, నీళ్ళు పావులీటరు దగ్గర 310 అని దిద్దారు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు వంతెన సంగతి, ట్రెయిల్ పరిస్థితి పార్కువాళ్ళని అడిగి తెలుసుకుని వెళ్ళండి. నది ఎక్కువగా ఉంటే బబ్స్ క్రీక్ నుంచే రే లేక్స్‌కి వెళ్ళి అదే దారిన తిరిగి రావచ్చు. అప్పుడు గ్లెన్ పాస్ రెండుసార్లు దాటాలి కాబట్టి 100 గ్రాముల పొట్లాలు మనిషికి రెండు పెట్టుకోండి.